చేతులు మారిన కారు – చెప్పని చరిత్ర



"సెకండ్ హ్యాండ్ కారు" అన్న మాటకు తెలుగేమిటని ఈ మధ్య ఒక మిత్రులు జాబు వ్రాశారు. "పాతకారు" అంటే చాలదు. కొన్ననాటి నుండి పదేళ్ళుగా మన ఇంటి ముందే ఉన్న కారు కూడా పాతదే గదా! "వాడిన కారు" అనవచ్చును గానీ అది ఆంగ్లపదానికి నీడ మాత్రమే. నాకు తోచినది "చేతులు మారిన కారు". ఈ మాటలో ఒక సౌకర్యమున్నది. వినగానే ఎన్ని చేతులు మారింది, ఎవరి చేతులు, ఆ చేతుల్లో ఉండగా దానికేమైంది అన్న ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఆ ప్రశ్నలు అడగకుండానే మనవారు డీలర్ల వద్ద లక్షలు పోసి కార్లు కొంటున్నారు. ఈ టపా వ్రాయడానికి అదే కారణం.

మన ప్రాంతంలో నూరు గజాల స్థలం కొనేవాడెవడైనా ముందు ఈసీ తీయిస్తాడు. లింకు దస్తావేజులు అడుగుతాడు. తాత ఎవరికి వ్రాశాడు, కూతురు సంతకం చేసిందా, బ్యాంకులో తాకట్టు ఉందా అని వకీలుకు చూపి, ఆ తరువాతగానీ బయానా ఇవ్వడు. అదే మనిషి అయిదు లక్షల కారు కొనేటప్పుడు రంగు చూస్తాడు, ఏసీ వేసి చూస్తాడు, పాటలు మ్రోగించి చూస్తాడు, వీధి చివరిదాకా నడిపి వచ్చి చక్రాల క్రింద పెట్టడానికి నిమ్మకాయలు కొనబోతాడు. స్థలానికి చరిత్ర ఉంటుందని తెలిసినవాడికి, బండికి కూడా చరిత్ర ఉంటుందని ఎందుకు తోచదో నాకు అంతుపట్టదు. స్థలం కదలదు. కారు ఊళ్ళు తిరుగుతుంది, గుద్దుకుంటుంది, వరదలో మునుగుతుంది, అప్పుల్లో ఇరుక్కుంటుంది. చరిత్ర చూడవలసినది దేనికి ఎక్కువ?

నా వాదం ఇది. చేతులు మారిన కారు పూర్వచరిత్రను డీలరు నోట వింటే సరిపోదు. మనకు సాధ్యమైనంత మనమే పరిశీలించి, మిగిలినదానిని అతని చేత కాగితం మీద వ్రాయించి సంతకం తీసుకోవాలి. వ్రాసి ఇవ్వనంటే ఆ బండి చరిత్ర మనకు అక్కడే తెలిసిపోయినట్లు లెక్క.

పూర్వం పశువుల సంతలో ఎద్దును కొనే రైతు దళారి మాటను చెవినబెట్టేవాడు కాదు. ముందు పళ్ళు పట్టి చూచేవాడు. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, ఆరు పళ్ళదా అన్నదానిని బట్టి వయసు తేలేది. సుడులు చూచేవాడు, నడిపించి చూచేవాడు, వీలైతే కాడి కట్టి చూచేవాడు. "నీళ్ళలో గేదెను ఉంచి బేరమాడినట్లు" అన్న సామెత ఆ అనుభవం నుండి పుట్టినదే. నీళ్ళలో ఉన్న గేదె మొగం తప్ప మరేమీ కనబడదు. కుంటిదో, పొదుగు చెడినదో ఒడ్డుకు వస్తేగానీ తెలియదు. నేటి కార్ల విషయంలో ఈ సామెత అక్షరాలా నిజమైంది. కొన్ని కార్లు నిజంగానే నీళ్ళలో ఉండి వచ్చినవి మరి!

2015 డిసెంబరులో చెన్నపట్టణం మునిగింది. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఈ మూడు చోట్లా మునిగిన కార్లు ఎక్కడికి పోయినట్లు? బాగుచేయడానికి అయ్యే ఖర్చు విలువకు మించిన బండిని బీమా సంస్థ పూర్తి నష్టంగా లెక్కగట్టి యజమానికి సొమ్ము చెల్లిస్తుంది. ఆ శిథిలం వేలానికి పోతుంది. వేలంలో కొన్నవారిలో కొందరు విడిభాగాలకు విప్పుతారు. కొందరు కడిగి, ఆరబెట్టి, సీట్లకు కొత్త తొడుగులు వేసి, పరిమళం చల్లి, దూరపు ఊళ్ళో నిలబెడతారు. బీమా లేని బండి అయితే ఈ వేలం కూడా లేకుండానే చేతులు మారిపోతుంది.

నా పూర్వ విద్యార్థి ఒకడు, ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడు, 2025లో ఇటువంటి కారే కొన్నాడు. తండ్రికి వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆటోల్లో తీసుకుపోలేక, భార్య గాజులు కుదువబెట్టి, నాలుగున్నర లక్షలకు పైగా పోశాడు. మూడు నెలలు బాగానే నడిచింది. వాన కురుస్తున్న ఒక తెల్లవారుజామున ఆసుపత్రికి పోతూ ఉంటే నడిరోడ్డున ఆగిపోయింది. మళ్ళీ కదలలేదు. మెకానిక్కు వచ్చి కాళ్ళ క్రింది తివాచీ ఎత్తి చూపితే ఎండిన ఒండ్రుమట్టి. తీగెల కీళ్ళన్నిటా చిలుము. డీలరు వద్దకు పోతే అతనన్నమాట: "అమ్మేటప్పుడు బాగానే ఉంది గదా మాస్టారూ! మేము మధ్యవర్తులం, బండి మాది కాదు." ఇతని చేతిలో ఉన్నదల్లా సొమ్ము ముట్టినట్లు ఒక చీటీ. అందులో బండి నెంబరు, మొత్తం తప్ప మరొక అక్షరం లేదు. "వరదబండి కాదు గదా అని నేను అడిగాను మాస్టారూ, కాదనే అన్నాడు" అని వాడు నాతో అంటుంటే ఏమి చెప్పను? అడిగాడు, నిజమే. విన్నవాడు వీడొక్కడే.

ఇక మనం చూడగలిగినవేమిటో చెప్పుకుందాం. ముందు కాగితాలు.

ఆర్సీలో యజమాని పేరొక్కటే చూచి ఊరుకోరాదు. తయారైన నెల, రిజిస్టరైన తేదీ, ఇప్పటి యజమాని ఎన్నోవాడు, ఫైనాన్సు ఎవరిది అన్నవి చూడాలి. పరివాహన్ స్థలిలోగానీ, ఎంపరివాహన్ యాప్‌లోగానీ బండి నెంబరు కొడితే వీటిలో చాలా సంగతులు తెలుస్తాయి. తెలంగాణ చాలాకాలం తన సొంత వ్యవస్థతో నడిచింది కనుక, అక్కడి బండి అయితే ఆ రాష్ట్ర రవాణాశాఖ స్థలిలో కూడా చూడడం మేలు. ఒకప్పుడు నెంబరు పలకను బట్టి బండి ఏ జిల్లాదో చెప్పేవాళ్ళం. ఏపీ 16 అంటే కృష్ణా, ఏపీ 7 అంటే గుంటూరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి కొత్త బండ్లకు ఏపీ 39 అన్న ఒకే సంకేతం వచ్చాక ఆ గుర్తు పోయింది. బండి ఏ ఊరి నుండి వచ్చిందో పలక చెప్పదు, ఆర్సీలోని కార్యాలయం పేరు, చిరునామా చెప్పాలి. మునిగిన ఊరి చిరునామా ఉన్నంత మాత్రాన అది మునిగిన బండి అని కాదు. అడగవలసిన ప్రశ్న ఒకటి పెరిగిందని మాత్రమే.

తరువాత చాసిస్ సంఖ్య. ఇది 17 అక్షరాలూ అంకెలూ కలిసిన మాల. ఇందులో ఐ, ఓ, క్యూ అనే ఆంగ్లవర్ణాలు వాడరు, ఒకటితోనూ సున్నతోనూ పొరబడకుండా. తాళపత్రాలలో ప-వలను, ద-ధలను వ్రాయసగాళ్ళు తారుమారు చేసిన తిప్పలు ఎరిగినవారికి ఈ జాగ్రత్త ముచ్చట గొలుపుతుంది. ఆర్సీలోని మాల, బీమా పత్రంలోని మాల, బండి మీద చెక్కిన మాల – మూడూ అక్షరం అక్షరం సరిపోవాలి. చెక్కినచోట గీకినట్లుగానీ, మళ్ళీ అచ్చువేసినట్లుగానీ, చుట్టూ కొత్త రంగు పూసినట్లుగానీ ఉంటే బేరం అక్కడితో ఆపాలి. దొంగబండి ఎంత చవకగా వచ్చినా ఖరీదైనదే.

అప్పు సంగతి మరొకటి. వాయిదాలు తీరిపోయినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే నిలిచి ఉండడం సర్వసాధారణం. "అది పెద్ద విషయం కాదండీ, తరువాత తీయించేస్తాం" అంటారు. బ్యాంకు ఇచ్చిన నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి సొమ్ము ఇవ్వరాదు. చలాన్ల బాకీ కూడా పోలీసుల ఈ-చలాన్ స్థలిలో మన కళ్ళతో మనమే చూచుకోవచ్చును.

పొరుగు రాష్ట్రపు బండి అయితే ఫారం 28 మీద అక్కడి కార్యాలయపు నిరభ్యంతర పత్రం కావాలి. ఇక్కడ జీవితపన్ను మళ్ళీ కట్టవలసి వస్తుంది. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు బండ్లపై జాతీయ హరిత ట్రైబ్యునలు 2015లో, సుప్రీంకోర్టు 2018లో ఆంక్షలు విధించాక, అక్కడి డీజిలు కార్లు ఎన్నో చవకగా ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. "ఢిల్లీ బండి, సగం ధర" అని మురిసేవారు ఆ చవకకు కారణాన్ని, ఇక్కడ కట్టవలసిన పన్నును కలిపి లెక్కవేసుకోవాలి.

పాత బీమా పత్రాన్ని చదవడం చాలామందికి తెలియని విద్య. అందులో "నో క్లెయిమ్ బోనస్" అని ఒక గడి ఉంటుంది. క్లెయిము లేకుండా గడిచిన ఏడాదులను బట్టి అది వరుసగా 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒకే యజమాని చేతిలో అయిదేళ్ళున్న కారుకు ఆ గడిలో సున్న కనబడితే మధ్యలో ఏదో క్లెయిము జరిగి ఉండవచ్చును. ఇది ప్రశ్నే గానీ తీర్పు కాదు. పాలసీ గడువు తీరి 90 రోజులు దాటినా బోనసు పోతుంది. పైగా ఆ బోనసు బండిది కాదు, యజమానిది. అతని పాత కారు నుండి దీనికి తెచ్చుకున్నదీ కావచ్చు. కనుక గత మూడు నాలుగేళ్ళ పత్రాలు అడిగి, వరుసగా పెట్టి చదవాలి. నిన్నటి సంవత్సరం 35 ఉన్నది నేడు సున్న అయితే, ఆ మధ్య ఏమైందో అమ్మేవాడు చెప్పాలి. బండి చేతులు మారాక బీమాను కూడా 14 రోజుల్లో మన పేరుకు మార్పించుకోవాలని చట్టం. మార్పించుకోకుండా గుద్దుకుంటే మన బండి నష్టం మనమే భరించవలసి వస్తుంది.

సర్వీసు పుస్తకం బండి దినచర్య. అధీకృత సర్వీసు కేంద్రంలో ప్రతి రాకకూ తేదీ, తిరిగిన కిలోమీటర్లు నమోదై ఉంటాయి. పాత యజమాని ద్వారా ఆ వివరాలు తెప్పించమనాలి. ఎందుకంటే కిలోమీటర్ల అంకెను వెనక్కు త్రిప్పడం నేడు చిన్న పరికరంతో నిమిషాల పని. 2022లో సర్వీసుకు వచ్చినప్పుడు 78 వేలు ఉన్నది ఇప్పుడు 45 వేలు చూపుతుంటే, ఆ బండి వెనక్కు నడిచి వచ్చిందనుకోవాలి.

కాగితాల తరువాత బండి ఒళ్ళు. ఇక్కడే ఎద్దు పళ్ళు చూచిన రైతు తెలివి పనికివస్తుంది. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందన్న కారుకు నాలుగు టైర్లూ అప్పుడే మార్చి ఉంటే, ఎందుకు మార్చారో అడగాలి. అంకెలు తక్కువగా ఉండి, క్లచ్చు, బ్రేకు పెడళ్ళ రబ్బరు అరిగిపోయి, స్టీరింగు నునుపెక్కి ఉంటే ఆ రెండింటిలో అంకెలే అబద్ధం.

వరదబండిని పట్టడానికి సీటుబెల్టును చివరిదాకా లాగి చూడాలి. పైభాగం ఎంత తోమినా, లోపల చుట్టుకుని ఉన్న భాగంలో బురదగీత మిగిలిపోతుంది. డిక్కీలో స్టెపినీ ఎత్తి ఆ గుంట చూడాలి. సీట్ల క్రింది పట్టాలకు త్రుప్పు పట్టిందేమో, దీపాల లోపల ఆవిరి కమ్మిందేమో, తివాచీ క్రింద తడివాసన ఉందేమో చూడాలి. పరిమళం మితిమీరి గుప్పుమన్నా అనుమానించవలసినదే. గుద్దుకున్న బండి అయితే బానెట్టు, తలుపుల మరల మీద రంగు చెదిరి ఉంటుంది, తలుపుల సందులు ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుకుగా ఉంటాయి. తాళం త్రిప్పగానే ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, వెలిగి ఆరకపోయినా ప్రమాదమే. అది సొమ్ముకు సంబంధించిన సంగతి కాదు, ప్రాణానికి సంబంధించినది. ఇవన్నీ చూచాక కూడా, డీలరు చెప్పిన మెకానిక్కుకు గాక మనకు తెలిసిన మెకానిక్కుకు చూపించాలి. రెండువేలో మూడువేలో అవుతుంది. స్థలానికి వకీలు రుసుము ఇచ్చినట్లే ఇదీను.

ఇప్పుడు డీలరు సంగతి. "మేము మధ్యవర్తులం" అన్న మాటకు చట్టంలో కొంత జవాబున్నది. కేంద్రప్రభుత్వం 2022 డిసెంబరులో మోటారు వాహన నియమాలను సవరించింది. అవి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం పాతబండ్లు అమ్మే డీలరు రవాణాశాఖ నుండి అధికారపత్రం పొందాలి. యజమాని తన బండిని డీలరుకు అప్పగించినట్లు ఫారం 29సి ద్వారా తెలియజేయాలి. ఆ మీదట ఆ బండికి డీలరే యజమానిగా పరిగణింపబడతాడు. అంటే, బండి నాది కాదని అనే వీలు అధీకృత డీలరుకు లేదు. కనుక అడగవలసిన తొలి ప్రశ్న బండి ధర కాదు, "మీకు అధికారపత్రం ఉందా?" అన్నది. లేని డీలర్లు నేటికీ ఉన్నారు. పాత యజమాని చేత ఖాళీ ఫారాలు 29, 30 మీద సంతకాలు పెట్టించి అరలో దాచి, ఎవడు కొంటే వాడి పేరు నింపే పద్ధతి ఇంకా పోలేదు.

ఆ ఖాళీ సంతకం అమ్మినవాడి మెడకు ఎలా చుట్టుకుంటుందో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ – విజయ్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. కారు పలు చేతులు మారాక ప్రమాదం జరిగింది. రికార్డులలో మాత్రం తొలి యజమాని పేరే ఉంది. నష్టపరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనని న్యాయస్థానం తేల్చింది. కనుక చరిత్ర సరిగా వ్రాయబడటం కొనేవాడికే కాదు, అమ్మేవాడికీ రక్షణ. మన కారును డీలరుకు ఇచ్చేరోజు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

"అంత అనుమానమైతే కొత్తది కొనుక్కోరాదా? డీలర్లందరూ మోసగాళ్ళేనా?" అని కొందరు అంటారు. కొత్తది కొనలేకనే గదా మధ్యతరగతివాడు ఇటు వస్తున్నది! అనుమానించే హక్కు డబ్బున్నవాడికే అంటే ఎలా? ఇక రెండవ మాటకు అమెరికా ఆర్థికవేత్త జార్జి ఎకర్లాఫ్ 1970లోనే సమాధానం వ్రాశారు. "నిమ్మకాయల సంత" అని ఆ వ్యాసానికి ప్రసిద్ధి. అమెరికా వాడుకలో నిమ్మకాయ అంటే లోపాలున్న కారు. మనకేమో కారు చక్రాల క్రింద పెట్టి తొక్కించే శుభద్రవ్యం! ఆయన చెప్పినదేమంటే, మంచిబండి ఏదో చెడ్డబండి ఏదో కొనేవాడికి తెలియనప్పుడు అన్నిటికీ సగటు ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచిబండి గలవాడు అమ్మడు. చివరకు సంతలో చెడ్డబండ్లే మిగులుతాయి. 2001లో ఆయన మరి ఇద్దరితో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. కనుక చరిత్రను దాచడం వల్ల నష్టపోయేది కొనేవాడొక్కడే కాదు. నిజం చెప్పి అమ్మే డీలరు ముందు నష్టపోతాడు. చరిత్ర వ్రాసి ఇవ్వమని మనం అడగడం అతనికి అవమానం కాదు, గౌరవం.

పరదేశాల్లో ఉన్న మన తెలుగువారికి ఇది వింతగా తోచదు. అమెరికాలో పూర్తి నష్టమైన బండి యాజమాన్య పత్రం మీద ఆ ముద్ర పడుతుంది. చాసిస్ సంఖ్యతో చరిత్ర తెప్పించుకునే ఏర్పాట్లున్నాయి. అవీ సంపూర్ణం కావు. బీమాకు చెప్పకుండా బాగుచేయించిన గుద్దులు అందులోకి ఎక్కవు. బ్రిటనులో ఎంవోటీ అనే వార్షిక పరీక్షలో ప్రతిసారీ నమోదైన మైళ్ళను ఎవరైనా నెంబరు కొట్టి ఉచితంగా చూడవచ్చును. మన దగ్గర సొంత కారుకు మొదటి పదిహేనేళ్ళు అటువంటి పరీక్షే లేదు. ఆర్సీలో "వరదలో మునిగినది", "పూర్తి నష్టంగా తేలినది" అని వ్రాయడానికి గడి లేదు. క్లెయిముల సమాచారం బీమా సంస్థల వద్ద ఉన్నది. ఆ సమాచారాన్ని సమీకరించే సంస్థ మన హైదరాబాదులోనే ఉన్నది. కానీ సొమ్ము పోసేవాడికి అది సులభంగా కనబడదు. పూర్తి నష్టపు సొమ్ము చెల్లించిన రోజే ఆ సంగతి ఆర్సీలో ఎక్కాలి. బండి చేతులు మారిన ప్రతిసారీ కిలోమీటర్ల అంకె నమోదై అందరికీ కనబడాలి. ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి ఈ రెండు. చలాను బాకీని ఊరూరా చూపగలిగిన యంత్రాంగానికి ఇది అసాధ్యమా?

అంతవరకూ మన రక్షణ మన చేతిలోని కాగితమే. జీఎస్టీ బిల్లు లేకుండా చవకగా ఇస్తామంటే ఆశపడరాదు. బిల్లు ఉంటేనే వినియోగదారుల కమిషను ముందు నిలబడగలం. ఆ బిల్లు మీదనే ఈ నాలుగు వాక్యాలు వ్రాయించండి:

"ఈ బండి మాకు తెలిసినంతవరకు వరదలో మునగలేదు. పూర్తి నష్టపు క్లెయిముకు లోను కాలేదు. దీని మీటరును మేము మార్చలేదు, మార్చినట్లు మాకు తెలియదు. నేటికి మీటరులో ఉన్న కిలోమీటర్లు ఇన్ని."

క్రింద సంతకం, సంస్థ ముద్ర, తేదీ. "మాకు తెలిసినంతవరకు" అన్న మాట ఉండనివ్వండి, న్యాయమైనదే. నిజాయితీపరుడు ఆ మాటతో సంతకం చేయడానికి వెనుకాడడు. నా విద్యార్థి చేతిలో ఈ నాలుగు వాక్యాలుండి ఉంటే, డీలరు "మేము మధ్యవర్తులం" అని చేతులు దులుపుకోగలిగేవాడు కాడు. వాడిప్పుడు మరమ్మతుకు తెచ్చిన అప్పు తీరుస్తూ, తండ్రిని మళ్ళీ ఆటోలోనే తీసుకుపోతున్నాడు.

స్వస్తి.